అద్దాల పెట్టెలో వెండి బూటు

స్కార్‌థోర్ప్ బొగ్గు గని కార్మికుల క్లబ్బులో ఏటా అక్టోబరు మొదటి ఆదివారం ఒక సంబరం జరుగుతుంది. నెవిల్ అక్రాయిడ్ దానికి సంతోషం కోసం వెళ్ళేవాడు కాదు, ఒళ్ళు మండించుకోవడానికి వెళ్ళేవాడు. ఈ మాట అతని భార్య ఆల్విన్‌ది. ఆమె మాత్రం ఒక్క ఏడాది కూడా ఆ గడప తొక్కిన పాపాన పోలేదు.

"ఆ వెధవల మొహాలు చూడందే నీకు పొద్దుపోదా?" అనేది ఓవెన్‌లోకి మాంసం తోస్తూ. "వెళ్తావు, పళ్ళు నూరుకుంటావు, వస్తావు. మూడు రోజులు నాతో సరిగా మాట్లాడవు."

"అక్కడ పాటలు గట్టిగా పెడతారు."

"ఇంట్లో పెట్టుకో."

"తగ్గించమని నువ్వు గోల పెడతావుగా."

"ఆ... తప్పంతా నాదే! వెళ్ళు, వెళ్ళు. రెండింటికల్లా రాకపోతే నీ వాటా పిల్లికి వేస్తాను."

ఆ సంబరం లూసియన్ బ్లేజ్ పేరు మీద. డెబ్బైల్లో ఆ పాటగాడి పేరు తెలియని ఇల్లు ఇంగ్లండులో లేదు. మా జిల్లావాడే. మాంసం కొట్టు టగ్వెల్ రెండో కొడుకు, అసలు పేరు నార్మన్. లండన్ వెళ్ళి లూసియన్ బ్లేజ్ అయి కూర్చున్నాడు. కనురెప్పలకు వెండి రంగు, పెదాలకు ఎర్రరంగు, మెడలో నెమలీకలు, ఒంటికి అతుక్కుపోయిన తళుకుల బట్టలు, కాళ్ళకు జానెడు ఎత్తు బూట్లు. మగవాడు అలా టీవీలో కనబడితే అప్పట్లో మా ఊళ్ళో తండ్రులు లేచి టీవీ కట్టేసేవాళ్ళు. తల్లులు మళ్ళీ పెట్టేవాళ్ళు.

అతను పోయాక మొదలైంది ఈ తద్దినం. అరవై దాటిన ఆడవాళ్ళు ముడతల్లో మెరుపుపొడి కూరుకుని వస్తారు. బీరు పొట్టల మీద మనవరాళ్ళ ఈకల దండలు వేలాడేసుకుని మగవాళ్ళు వస్తారు. పంది మాంసం పైలు, మెత్తగా ఉడికిన బఠాణీలు, గ్లాసుల మీద గ్లాసులు. పాటలయ్యాక మైకు బల్ల బల్లకీ తిరుగుతుంది. లూసియన్ కచేరీల్లో ఎవరు ఏం చూశారో చెప్పాలి. దానికో కట్టుబాటు ఉంది. యూనియన్ మీటింగుల నుంచి వచ్చిన కట్టుబాటు అది. మైకు చేతిలో ఉన్నవాడు ఏం చెప్పినా మధ్యలో ఎవడూ ఎదురు చెప్పకూడదు. యూనియన్ పోయింది, గని పోయింది, కట్టుబాటు మాత్రం మిగిలింది. కోతలరాయుళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

ఆ కోతలు చెప్పుకుంటే నవ్వొస్తుంది. మాకు దగ్గరి పట్నం షెఫీల్డ్‌లో కచేరీ నాడు లూసియన్ పైకప్పు నుంచి వెండి నెలవంక మీద ఊగుతూ దిగాలి. తాడు బిగుసుకుపోయి సగంలో ఆగిపోయాడు. అక్కడే కూర్చుని ఒక పాట పాడాడు. ఇది నిజం. మొదటి ఏడు క్లబ్బులో చెప్పినప్పుడు ఒక పాటే. మరుసటేడు మూడు పాటలయ్యాయి. ఆ తర్వాత కచేరీ మొత్తం గాలిలోనే అయిపోయింది. పోస్టాఫీసు పాలీన్ అయితే అతను అక్కడి నుంచి చెయ్యి చాచి తన జుట్టు నిమిరాడంది. పాలీన్ ఎత్తు ఐదడుగులు. నెలవంక వేలాడింది తాటిచెట్టంత ఎత్తున.

"అబ్బ, ఆ చెయ్యి!" అంది పాలీన్ కళ్ళు తుడుచుకుంటూ. "వారం రోజులు తలంటుకోలేదు తెలుసా!"

"అందుకే నీకు పెళ్ళి ఆలస్యమైందా?" అన్నారెవరో. హాలంతా గొల్లుమంది. నెవిల్ నవ్వలేదు. ఎందుకంటే ఆ రాత్రి మా ఊరి నుంచి షెఫీల్డ్ బస్సెక్కినవాడు నెవిల్ ఒక్కడే. ఇప్పుడు లెక్క చూస్తే సగం ఊరు ఆ హాల్లోనే ఉంది.

ఆ సంగతి చెప్పాలంటే నెవిల్ పదహారో ఏటికి వెళ్ళాలి.

నెవిల్ తండ్రి ఎర్నెస్ట్ గని అడుగున ఫిట్టరు. మాట పొదుపు మనిషి. పనిలో మాత్రం అతని చేతికి ఎదురు లేదు. గనిలో అరిగిపోయిన కన్వేయర్ బెల్టు రబ్బరు తెచ్చి సగం వీధికి బూట్ల అడుగులు వేసిపెట్టేవాడు. ఆ రబ్బరు అడుగులతో ఊరంతా నడిచింది. మూడు పొరల గుడ్డ మధ్య నల్లటి రబ్బరు, కోసిన అంచున చారలు. స్కార్‌థోర్ప్‌లో పుట్టినవాడికి కళ్ళకు గంతలు కట్టి చేతికిచ్చినా అదేమిటో చెప్పేస్తాడు.

నెవిల్‌కు లూసియన్ పిచ్చి పట్టింది. అలాంటిలాంటి పిచ్చి కాదు. బొగ్గుపొడి తప్ప ఇంకో రంగు తెలియని ఊళ్ళో టీవీలో ఆ మనిషి కనబడగానే వీడి ఊపిరి ఆగిపోయేది. షెఫీల్డ్‌కు వస్తున్నాడని తెలిసి టిక్కెట్టు కొనుక్కున్నాడు. కానీ బూట్లు లేవు. జానెడు ఎత్తు బూట్లు లేకుండా ఆ కచేరీకి వెళ్ళడమంటే పెళ్ళికి బనీనుతో వెళ్ళడమే. తల్లి ఎక్కడో చర్చి సంతలో పొడుగాటి ఆడవాళ్ళ బూట్లు పట్టుకొచ్చింది. సైజు సరిపోయింది, ఎత్తే లేదు.

ఎర్నెస్ట్ వాటిని చూశాడు. కొడుకును చూశాడు. వాటిని సంచిలో వేసుకుని డ్యూటీకి పోయాడు. వాణ్ణి తన్నడానికి సాక్ష్యం పట్టుకెళ్ళాడనుకుంది తల్లి. వారం తర్వాత బూట్లు తిరిగొచ్చాయి. గని దుంగల చెక్కతో జానెడు మడమలు. కింద బెల్టు రబ్బరు, చుట్టూ రాగి మేకులు ముత్యాల్లా వరసగా. నెవిల్ వాటికి పొయ్యి గొట్టాలకు వేసే వెండి రంగు పూశాడు.

"ఊరంతా నవ్వుద్ది," అన్నాడు ఎర్నెస్ట్. "నవ్వనీ. మడమ మాత్రం ఊడదు. ఆ పూచీ నాది."

తండ్రి అతనితో ఒకేసారి అంత మాట్లాడడం అదే మొదలు.

కచేరీ గురించి నెవిల్ ఎవరికీ ఎక్కువ చెప్పడు. ఆల్విన్‌కు మాత్రం పెళ్ళయిన కొత్తలో చెప్పాడు. నెలవంక దిగాక లూసియన్ రెండో పాట మధ్యలో ఆగి, "అమ్మా, మేకు గుచ్చుకుంటోంది!" అని మా జిల్లా యాసలో అరిచి, ఒక బూటు విప్పి పక్కన పెట్టి, మిగతా పాటంతా కొంగలా ఒంటికాలి మీద నిలబడి పాడాడట. అంత పెద్ద మనిషి, అంత వెలుగులో, మాంసం కొట్టువాడి కొడుకులా మూలిగాడు. నెవిల్ నవ్వాడు, ఏడ్చాడు, గొంతు పోయేలా అరిచాడు. తనలాంటివాడు ఇంకొకడు ఈ భూమ్మీద ఉన్నాడని ఆ రాత్రి తెలిసిందట. అంతే, అతని జీవితంలో పండగంటే అదొక్కటే.

బస్సు దిగేసరికి ఊరి స్టాండులో ముగ్గురున్నారు. ట్రెవర్ రాక్‌స్ట్రా, వాడి ఇద్దరు తోక నేస్తాలు. ట్రెవర్‌కు అప్పుడు పద్దెనిమిది. కొత్తగా గనిలోకి దిగి కళ్ళు నెత్తికెక్కినవాడు.

"ఎవర్రా ఈ పెళ్ళికూతురు?" అన్నాడు.

జానెడు బూట్లతో పరుగెత్తగలిగినవాడు ప్రపంచంలో లేడు. లూసియన్ కూడా పరుగెత్తలేడు. నెవిల్ నాలుగడుగులు వేశాడేమో, పట్టుకున్నారు. కింద పడేసి తన్నారు. ట్రెవర్ ఒక కాలు పట్టుకుని బూటు లాగాడు. రాలేదు. లేసులు బిగువుగా ఉన్నాయి. రాకపోయేసరికి మెలితిప్పాడు. చీలమండ దగ్గర ఎముక విరిగిన చప్పుడు నెవిల్‌కు వినిపించింది. ట్రెవర్‌కూ వినిపించే ఉంటుంది. అయినా లేసులు కోసి బూటు లాక్కుని, గాలిలో ఊపుకుంటూ పోయాడు. తోక నేస్తాల్లో ఒకడు ఇప్పుడు మట్టిలో ఉన్నాడు, ఒకడు ఆస్ట్రేలియాలో. ట్రెవర్ ఎక్కడున్నాడంటే, లూసియన్ సంబరాల కమిటీకి అధ్యక్షుడుగా ఉన్నాడు! అందరూ శ్రీవైష్ణవులే, మరి బుట్టెడు రొయ్యలు ఏమైనట్టు?

నెవిల్ ఇంట్లో ఆ పేరు చెప్పలేదు. చెప్పడానికి లేదు. ట్రెవర్ తండ్రీ ఎర్నెస్టూ గనిలో ఒకే జట్టు. గని అడుగున జట్టువాడి చేతిలో నీ ప్రాణం ఉంటుంది, నీ చేతిలో వాడి ప్రాణం ఉంటుంది. ఆ ఇద్దరి మధ్య పగ పెడితే పైకప్పు కూలేది ఎవరి మీదో? ఊళ్ళో చంటిపిల్లాడికి కూడా తెలిసిన నీతి ఇది. అందుకే, "పడ్డాను" అన్నాడు. "ఆ బూట్లతో నడవలేక పడ్డాను. ఒకటి విప్పేశాను, ఎక్కడో పోయింది."

ఎర్నెస్ట్ కొడుకు మొహం చూశాడు. రక్తం, ఎర్రరంగు, వెండి పొడి కలగలిసిపోయిన మొహం. పక్కకు తిరిగాడు. మర్నాడు మిగిలిన ఒంటి బూటును పొయ్యిలో వేసి తగలబెట్టాడు. ఆ తర్వాత ఎవరి చెప్పుకూ అడుగు వెయ్యలేదు. వీధివాళ్ళు వచ్చి అడిగితే, "చెయ్యడం లేదు," అని తలుపు వేసుకునేవాడు. కొడుకు కుంటుతూ ఎదురైతే కళ్ళు దించుకునేవాడు. పెదాలకు రంగేసుకున్న కొడుకును చూసి తండ్రి సిగ్గుపడుతున్నాడని నెవిల్‌కు అర్థమైంది. అలాగే అర్థం చేసుకున్నాడు. ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు ఇద్దరూ, ఉప్పు అందుకో, తలుపు వెయ్యి తప్ప ఇంకో మాట లేదు. ఊపిరితిత్తుల్లో బొగ్గుపొడి నిండి ఎర్నెస్ట్ పోయాడు.

కుంటికాలితో గనిలోకి దిగనివ్వలేదు. నెవిల్ పైనే దీపాల గదిలో పనిచేశాడు. దిగేవాళ్ళకు దీపాలిచ్చి, ఎక్కేవాళ్ళ దగ్గర తీసుకునే పని. రోజూ ట్రెవర్‌కు తన చేత్తో దీపం ఇచ్చేవాడు. "ఏం నెవిల్, కులాసానా?" అనేవాడు ట్రెవర్. ఒక్కరోజూ కళ్ళలోకి చూడలేదు. గని మూసేశాక నెవిల్ బళ్ళో నౌకరుగా చేరాడు, ట్రెవర్ అద్దాల కిటికీలు అమ్మి బాగుపడ్డాడు. బాగుపడ్డాక మనిషికి గతం కూడా బాగుండాలనిపిస్తుంది కాబోలు.

క్లబ్బులో మొదటి సంబరం నాడు నెవిల్ చేతికి మైకొచ్చింది. బుద్ధి గడ్డితిని, కొంగలా నిలబడి పాడిన సంగతి చెప్పాడు. అందరూ తెగ నవ్వారు. మూడో ఏటికల్లా అది ట్రెవర్ నోట్లో ఉంది. ముందు వరసలో నిలబడి కళ్ళారా చూసింది ట్రెవరట. నెవిల్ గ్లాసు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఎదురు చెప్పకూడదు కదా. పోనీ మళ్ళీ వెళ్ళకుండా ఉండవచ్చు కదా అంటే, ఆల్విన్‌కే జవాబు చెప్పలేనివాడు మనకేం చెబుతాడు? ఆ పాటలు, ఆ హాలు తప్ప అతనికి ఆ రాత్రితో ఇంకే చుట్టరికమూ మిగల్లేదు. దొంగ చేతిలో ఉన్నా సొమ్ము సొమ్మే, అప్పుడప్పుడూ వెళ్ళి చూసుకోవాలనిపిస్తుంది.

మొన్నటి సంబరం నాడు హాలు కిటకిటలాడింది. వేదిక మీద నల్లగుడ్డ కప్పిన పెట్టె ఏదో ఉంది. నెవిల్ ఎప్పటిలా వెనక బల్ల దగ్గర, ముసలి వాల్టర్ పక్కన కూర్చున్నాడు. వాల్టర్ ఎర్నెస్ట్ జట్టువాడే. ఆ జట్టులో మిగిలినవాడు అతనొక్కడే. తొంభైకి దగ్గరపడ్డాడు. చెవులు సగం పనిచేస్తాయి, నోరు పూర్తిగా పనిచేస్తుంది.

"ఆ గుడ్డ కిందేముందిరా? శవమా?" అన్నాడు వాల్టర్.

"ఏమో బాబాయ్. ట్రెవర్‌గాడి నాటకం ఏదో."

ట్రెవర్ మైకు అందుకున్నాడు. వెండి కోటు, నెత్తిమీద విగ్గు. "మిత్రులారా," అన్నాడు. "లూసియన్ షెఫీల్డ్‌లో ఒంటికాలి మీద పాడాడని ఏటా చెబుతూనే ఉన్నాను. తర్వాతేం జరిగిందో మాత్రం ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఎవరూ నమ్మరని చెప్పలేదు. పాట అయ్యాక ఆ విప్పిన బూటు ఎత్తి జనంలోకి విసిరాడు. పట్టుకున్నది ఎవరు? ఈ చేతులే! ఇకమీదట అది మన క్లబ్బు సొత్తు. మన బ్యాండు గెలిచిన కప్పుల పక్కన పెడతాం."

గుడ్డ లాగాడు. అద్దాల పెట్టెలో వెండి బూటు.

హాలు అదిరిపోయింది. పాలీన్ ఏడ్చేసింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నెవిల్‌కు మాత్రం చెవుల్లో ఏమీ వినబడలేదు. వెండి రంగు అక్కడక్కడా రేగిపోయి ఉంది. మడమ చుట్టూ రాగి మేకులు పచ్చబడిపోయాయి, వరస మాత్రం చెదరలేదు.

తను లేచిన సంగతి అతనికే తెలియదు. కుంటుకుంటూ హాలు మధ్యలోంచి నడిచి వేదిక ఎక్కాడు.

"ఏరా నెవిల్, దణ్ణం పెట్టుకుంటావా?" అన్నాడు ట్రెవర్, నవ్వు మొహం మీద అతికించుకుని.

"అబద్ధం," అన్నాడు నెవిల్.

మైకు ఇంకా ట్రెవర్ చేతిలోనే ఉంది. ఆ ఒక్క మాట దాంట్లో పడి హాలంతా మోగింది. చప్పట్లు ఆగిపోయాయి.

"కూర్చో నెవిల్!" అని అరిచారెవరో. "మైకు వాడి దగ్గరుంది!"

"ఇన్నేళ్ళూ కూర్చున్నాను," అన్నాడు నెవిల్. పెట్టె మూత తీసి బూటు బయటకు లాగాడు. ట్రెవర్ అడ్డుపడబోయాడు గానీ అంతమంది ముందు కుంటివాడితో పెనుగులాడితే బాగుండదని ఆగాడు. నెవిల్ బూటును బోర్లించి అడుగుభాగం జనానికి చూపించాడు.

"ఏంటిది? చెప్పండి! మీరంతా గనివాళ్ళేగా? లూసియన్ బ్లేజ్ లండన్‌లో బూట్లు కుట్టించుకుని, కింద మన గని బెల్టు వేయించుకున్నాడా?"

నెవిల్ వేదిక దిగి ముందు బల్ల మీద ఆ బూటును బోర్లా పెట్టాడు. అక్కడివాడు దాన్ని చూశాడు, చారల అంచును బొటనవేలితో తడిమాడు, తల దించుకుని పక్కవాడికి అందించాడు. అలా బల్ల బల్లకీ పోయింది బూటు. చూసిన ప్రతివాడికీ తెలిసింది. తెలిసి కూడా ఒక్కడు నోరు విప్పలేదు. ట్రెవర్ మాత్రం తేలు కుట్టిన దొంగలా వేదిక మీద నిలబడ్డాడు.

"అది మాది," అన్నాడు నెవిల్. "మా నాన్న చేశాడు. కచేరీకి నేను తొడుక్కెళ్ళాను. వీడు షెఫీల్డ్ రాలేదు. బస్టాండులో నా కోసం కాచుకుని కూర్చున్నాడు. నన్ను కిందపడేసి, కాలు మెలితిప్పి విరగ్గొట్టి, లేసులు కోసి పట్టుకుపోయాడు. ఇంట్లో నేను పడిపోయానని చెప్పాను."

"అప్పుడు కుర్రాళ్ళం," అన్నాడు ట్రెవర్. మైకు దించేశాడు. "సరదాకి..."

"సరదాకా? నా కాలు చూడు, ఎంత సరదాగా ఉందో!"

"పాత సంగతులు ఇప్పుడెందుకు?" అంది ముందు వరసలో కూర్చున్న ట్రెవర్ భార్య లోరైన్, బిక్కచచ్చిపోయి. "ఆ బూటు మా ఇంట్లో పిల్లల్లో ఒకరిలా పెరిగింది. ప్రతి క్రిస్మస్‌కీ ఈయన దాన్ని తొడుక్కుని ఒంటికాలి మీద గెంతితే పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. పాడుచెయ్యలేదు, భద్రంగానే చూసుకున్నాం కదా."

అప్పటికి బూటు వెనక బల్ల దగ్గరకు చేరింది. వాల్టర్ దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు. మడమ పట్టుకుని గట్టిగా లాగాడు. రెండు చేతులతో మెలితిప్పి చూశాడు. అది కదల్లేదు.

"ఇది ఎర్నీ చేతిపని," అన్నాడు. "ఒరేయ్ నెవిల్, ఇటు రా."

నెవిల్ వెళ్ళాడు. చెవిటివాడి గొంతు కాబట్టి హాలంతా విన్నది.

"మడమ ఊడలేదురా."

"ఊడలేదు బాబాయ్."

"మరి మీ నాన్న ఊడిందన్నాడే!" వాల్టర్ మొహం ఎర్రబడింది. "గనిలో నా పక్కన కూర్చుని, రొట్టె చేతిలో పట్టుకుని తినకుండా ఏడ్చాడు. ఎర్నీ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. 'పూచీ నాదని చెప్పి పంపాను వాల్ట్. నా చేతిపని కొడుకును కుంటివాణ్ణి చేసింది. వాడి మొహం ఎలా చూడను?' అన్నాడు. సుత్తీ, బూట్లు కుట్టే సూదీ తెచ్చి నాకిచ్చేశాడు, మళ్ళీ ముట్టనన్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

నెవిల్ వంగి వాల్టర్ ఒళ్ళోని బూటు మడమ మీద చెయ్యి వేశాడు.

"నన్ను చూసి సిగ్గుపడ్డాడనుకున్నాను," అన్నాడు.

"నిన్ను చూసి సిగ్గెందుకురా, పిచ్చి సన్నాసీ? మావాడు లూసియన్ కంటే బాగున్నాడని దీపాల గదిలో అందరికీ చెప్పుకున్నాడు మీ నాన్న! ఆ బూట్లు చెయ్యడానికి నాలుగు భోజనాల వేళలు మానుకున్నాడు. తన మీద తనకే సిగ్గు. చచ్చేదాకా అదే సిగ్గు."

నెవిల్ ఏడ్చాడు. దాచుకోలేదు. అరవై దాటినవాడు, ఊరందరి ముందు, చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాడు. ఒక్క మాట. "ట్రెవర్‌గాడు విరగ్గొట్టాడు నాన్నా" అన్న ఒక్క మాట ఆ ఇంట్లో పడి ఉంటే, ఎనిమిదేళ్ళు ఆ మనిషి తల దించుకుని తిరిగేవాడు కాదు. ఆ మాట తను మింగింది వీళ్ళ జట్టు చెదరకూడదనే. జట్టు చెదరలేదు, ఇల్లు చెదిరింది.

ట్రెవర్ వేదిక దిగి వచ్చాడు. విగ్గు తీసేశాడు. అది లేకపోతే వాడూ ఒక మామూలు ముసలివాడే. నెవిల్‌కు మాత్రమే వినబడేలా అన్నాడు, "నాకూ ఇష్టమేరా అప్పుడు. లూసియన్ అంటే నీకెంత పిచ్చో నాకూ అంతే. మా నాన్నకు తెలిస్తే చంపేస్తాడని... నీలా వేసుకుని బయటకు రావడానికి నాకు ధైర్యం లేకపోయింది."

"నాకుంది," అన్నాడు నెవిల్. "అందుకే గదా కాలు విరిగింది."

ట్రెవర్ చెయ్యి చాచాడు.

మా ఊళ్ళో చెయ్యి చాచడమంటే చిన్న సంగతి కాదు. ఎంత పెద్ద తగవైనా క్లబ్బులో నలుగురి ముందు చేతులు కలిపితే తీరిపోయినట్టే. ఆ తర్వాత దాని ఊసెత్తినవాడే తప్పుడు మనిషి. చాచిన చెయ్యి పట్టుకోనివాడితో ఊళ్ళో ఎవరూ గ్లాసు కలపరు. సమ్మెలో తన్నుకున్నవాళ్ళు కూడా ఇక్కడ చేతులు కలిపారు.

"కలుపు నెవిల్," అన్నారు ఎవరో. "పోనీలే, కలిపెయ్." పాలీన్ కూడా, "పెద్ద మనసు చేసుకో నాయనా," అంది. అంతమందికీ అప్పుడే నోళ్ళు వచ్చాయి. బూటు చేతులు మారుతున్నప్పుడు రాని నోళ్ళు. కలిపితే ఒక పాట వేసుకుని పైలు తినవచ్చు. వచ్చే ఏడు ట్రెవర్ మైకు పట్టుకుని ఈ కథ కూడా తనదే చేసుకోవచ్చు. నెవిల్ బూటును తను నలభై ఏళ్ళకు పైగా భద్రంగా దాచిపెట్టానని చెప్పుకుంటాడు, వీళ్ళు చప్పట్లు కొడతారు.

నెవిల్ వాల్టర్ ఒళ్ళోంచి బూటు తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. చాచిన చేతిని చూశాడు.

"మా నాన్న బతికుండగా మా ఇంటికొచ్చి చాచాల్సిందిరా ఆ చెయ్యి," అన్నాడు. "ఆయన నీ చెయ్యి పట్టుకునేవాడు. నేను పట్టుకోను."

కుంటుకుంటూ తలుపు దాకా నడిచాడు. ఎవరూ పాట పెట్టలేదు, ఎవరూ గ్లాసు ఎత్తలేదు. ట్రెవర్ చెయ్యి ఇంకా చాచే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో వాడికి తెలియలేదు.